మాట్లాడుకోని ఇద్దరు మేస్త్రీలు, ఒక మానిఫోల్డ్

మోకాళ్లు నన్ను బండి కింద పడుకోనివ్వడం మానేశాక షెడ్డును నా దగ్గర పని నేర్చుకున్న మనిషికే అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నానని అనడమే గానీ పొద్దున చాయ్ వేళకు కాళ్లు వాటంతట అవే నారాయణఖేడ్ డిపో రోడ్డు పడతాయి. అక్కడ ఇప్పుడు పనిచేసేవాళ్లు ఫోన్లో వీడియోలు చూసి నన్ను అడిగేది ఒకటే. టర్బో ఇంజన్‌కు ఇన్‌టేక్ మానిఫోల్డ్ మారిస్తే బండి ఎంత స్పీడ్ పోతుందని.

నా మెకానిక్ బతుకు మొత్తంలో ఆ పని ఒక్కసారే చేశాను. స్పీడ్ ఎంత పెరిగిందో మాత్రం నన్నడగకండి. కొలుద్దామని వెనకాలే బయలుదేరాం గానీ ఆ బండి మమ్మల్ని రోడ్డు మీదే వదిలేసి పోయింది. మిగతాదంతా చెప్తాను, వినండి. మీరు చేసే పనిలో పక్క షెడ్డువాడితో అవసరం పడుతుంది కాబట్టి వినడం మీకే మంచిది.

ఆ కారు తెచ్చింది నాగల్‌గిద్ద వైపు పల్లె నుంచి వచ్చిన ఒకావిడ. అత్తకు కిడ్నీలు పాడై సంగారెడ్డిలో డయాలిసిస్ మొదలైంది. బస్సు మారి, ఆటో మారి, అంత దూరం ఆ పెద్దావిడను నడిపించలేక ఈమె డ్రైవింగ్ నేర్చుకుంది. భర్త కంది చేను చూసుకుంటే ఈమె స్టీరింగ్ చూసుకుంది. తర్వాత అదే దారిలో అదే పనికి పోయే మరో ఇద్దరు తోడయ్యారు. ఒకరు మనూర్ వైపు ముసలి రైతు, ఇంకొకరు ఖేడ్‌లోనే బట్టలు కుట్టుకునే ఆవిడ. ముగ్గురినీ ఎక్కించుకుని వారంలో కొన్ని రోజులు పోయిరావడం ఆమె పనైపోయింది. ఊళ్లో అందరూ ఆమెను డ్రైవరక్క అనేవాళ్లు. నేనూ అదే అంటాను.

కారు హైదరాబాద్‌లో కొన్నది, సెకండ్ హ్యాండ్ టర్బో పెట్రోల్. ముందు నడిపినవాడెవడో సరదా మనిషి. కంప్యూటర్ పెట్టించి టర్బో జోరు పెంచుకున్నాడు. టర్బో అంటే ఏమీ లేదు, గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోసే పంకా. ఆ నొక్కిన గాలిని అందుకుని అన్ని సిలిండర్లకూ పంచిపెట్టే డబ్బానే ఇన్‌టేక్ మానిఫోల్డ్. ఈ బండిలో ఆ డబ్బా ప్లాస్టిక్‌ది. రెండు చిప్పలు కలిపి అతికించినట్టు ఉంటుంది. కంపెనీవాళ్లు వాళ్ల లెక్కకు సరిపోయేలా చేశారు, అందులో తప్పేం లేదు. జోరు పెంచాక అతుకు తట్టుకోలేకపోయింది. నిండుగా మనుషులను ఎక్కించి ఏసీ వేసి ఎత్తు ఎక్కిస్తే ఉస్సుమని గాలి పోయేది. బండి నీరసించి పాకేది.

ఆమె అప్పటికే రెండుసార్లు గట్టిపడే ముద్ద పూయించుకుని తిరిగింది. అది ఊడిపోయింది. కొత్త ప్లాస్టిక్‌ది తెప్పిస్తానన్నాను. ఒప్పుకోలేదు. మళ్లీ పగిలేదాన్ని మళ్లీ ఎందుకు వేయడం అన్నది. పోనీ కంప్యూటర్‌లో జోరు తగ్గించుకో అన్నాను. జోరు తగ్గితే నిండు బండితో అంత దూరం టైముకు చేరలేనన్నది. ఇక మిగిలింది ఒకటే దారి, అల్యూమినియంతో గట్టి మానిఫోల్డ్ తయారు చేయించడం.

చెప్పడం సులువే. ఖేడ్‌లో అల్యూమినియాన్ని నీటుగా అతికే చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చెయ్యి ఉన్న మనిషి షెడ్డు మా షెడ్డును ఆనుకునే ఉంది. ఆ మనిషి నాతో మాట్లాడడు. నేనూ అతనితో మాట్లాడను.

అంతకుముందు మేం ఎంత స్నేహంగా ఉండేవాళ్లమంటే, ఎవరి పానాలు, సుత్తెలు ఎవరివో మాకే తెలిసేది కాదు. అతని కొడుకు పెళ్లికి పెళ్లికూతురి కారు నేనే చూసుకున్నాను. ఆయిలు మార్చి, బ్రేకులు చూసి, పూలు కూడా దగ్గరుండి కట్టించాను. చర్చికి పోయే దారిలో అది ఆగిపోయింది. ట్యాంకులో పోసిన పెట్రోల్‌లో నీళ్లు ఉన్నాయని తర్వాత తేలింది. తర్వాత తేలి ఏం లాభం? అక్కడ పాస్టరు, చుట్టాలు, పాటలు పాడేవాళ్లు అందరూ గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంటే, తెల్ల చీర కట్టుకున్న పెళ్లికూతురు షేరింగ్ ఆటోలోంచి దిగింది. వెల్డర్ నా వైపు ఒక చూపు చూశాడు. నేను అట్నుంచి అటే ఇంటికి పోయాను. మర్నాటి నుంచి మాటలు బంద్.

కానీ పక్కపక్కనే పని. ఒకరి అవసరం ఒకరికి పడుతూనే ఉండేది. అందుకని రెండు షెడ్ల మధ్య చాయ్ బండి పెట్టుకున్న అతను మాకు రాయబారి అయ్యాడు. మంచివాడు. ఎంత మంచివాడంటే, మేం అన్న మాటలోంచి కారం తీసేసి, చక్కెర వేసి అవతలికి చేరవేసేవాడు. రేడియేటర్ పైపు అతికిన తీరు గాడిద కాలులా ఉందని నేనంటే, వెల్డర్‌కు అది మంచిగున్నది కాని జర చూసుకొమ్మన్నడు అని వినపడేది. అందువల్ల మా మధ్య యుద్ధం ముదరలేదు, సంధీ కుదరలేదు.

ఈ మానిఫోల్డ్ కూడా అదే దారిలో నడిచింది. నేను అట్టముక్క మీద పాత డబ్బా కొలతలు తీసి బొమ్మ గీశాను. గాలి కాస్త తీరుబడిగా నిలబడి చివరి సిలిండర్ దాకా సమానంగా అందాలని డబ్బా కడుపు పెంచాను. బ్రేకుకు పోయే సన్న పైపుకు మూతి, సెన్సర్‌కు సీటు, అన్నీ గుర్తు పెట్టాను. ఒక ముఖ్యమైన మాట నోటితో చెప్పి పంపాను. ఇంజన్‌కు ఆనే చదును పలక ఉంటుంది కదా, దాన్ని ముందే లావుపాటి ఇనుప దిమ్మెకు బోల్టులతో బిగించి, ఆ తర్వాతే పైపులు అతకాలి. లేకపోతే వేడికి పలక వంగిపోతుంది. ఇది తెలియని మనిషి కాదు గానీ పెళ్లి రోజు చూపు గుర్తొచ్చి, ఈసారైనా నా పనికి వంక పెట్టకుండా చెయ్యమను అని కూడా తగిలించాను.

చాయ్ అతను కారం తీసేశాడు. తీసేటప్పుడు దానితోపాటు దిమ్మె కూడా పోయింది. వెల్డర్‌కు చేరిన మాట ఏమిటంటే, మంచిగ అతుకుమన్నడు, బోల్టులు బిగించుడు తను చూసుకుంటడట.

వెల్డర్‌కు అనుమానం రాకుండా ఉంటుందా? వచ్చింది. కాకపోతే ఆ ఇనుప దిమ్మె నా షెడ్డులో ఉంది. అడగాలంటే నోరు తెరవాలి. తెరవలేదు. నేనేమో అతను అడగడానికి వస్తాడని దిమ్మెను గుమ్మం దగ్గరే పెట్టి కూర్చున్నాను. రాకపోతే తన దగ్గర ఇంకోటి ఉందేమో అనుకున్నాను. గోడకు ఇటు నేను, అటు అతను, ఇద్దరం బిగుసుకుని కూర్చుని ఒక మంచి అల్యూమినియం పలకను అరటి ఆకులా వంచేశాం.

బిగించి స్టార్ట్ చేస్తే ఇంజన్ గసపెడుతున్నట్టు పైకీ కిందికీ ఊగింది. విప్పి, పలక మీద ఉక్కు స్కేలు ఆనించి వెనక నుంచి టార్చి వేస్తే వెలుతురు ఇవతలికి వచ్చింది. నేను చాయ్ అతన్ని పిలిచి ఈ పని చేసినోడి చేతులు విరగ్గొట్టాలన్నాను. అటు నుంచి ఈ బొమ్మ గీసినోడి కళ్లు చూపించుకోవాలని జవాబు వచ్చింది. ఆ రోజు చాయ్ అతనికి కూడా చక్కెర వేసే ఓపిక లేనట్టుంది.

డ్రైవరక్క అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది. బండి తీసుకుపోదామని వచ్చింది. బండి లేనన్నాళ్లూ ఆ ముగ్గురూ బస్సులో పోతున్నారు. ముందటి రోజు ముసలి రైతు బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయాడట. ఆ సంగతి ఆమె మామూలుగానే చెప్పింది. తర్వాత చాయ్ అతన్ని పోయి తన పాలు చూసుకొమ్మన్నది. వెల్డర్‌ను ఇటు పిలిచింది. నన్ను లేవనిచ్చింది కాదు.

"మీ ఇద్దరికి ఏం పంచాది ఉన్నదో నాకు తెల్వదు, తెల్సుకోను గూడ. గా ముగ్గురికి ఒక్క దినం తప్పితె ఒళ్లు ఉబ్బుతది, ఊపిరి ఆడది. మీరు మాట్లాడకుంటె నా బండి ఆగుతది. నా బండి ఆగితె ఏమైతదో నేను జెప్పాల్నా?"

ఆమె స్టూలు మీంచి లేచింది.

"దోస్తాన్ చెయ్యమంటలేను," అన్నది. "కొలతలన్న మాట్లాడుకోండ్రి."

ఆమె పోయాక వెల్డర్ గుమ్మం దగ్గర ఉన్న దిమ్మెను కాలితో తట్టి చూసి, ఎంత మందమని అడిగాడు. చెప్పాను. అలా మళ్లీ మొదలైంది. మొదలైంది అంటే, కొలతలే. రంధ్రం ఎంత, పైపు ఎంత, ఎటు వాలు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. చాయ్ అతను దూరం నుంచి మమ్మల్ని చూస్తూ ఏదో పోగొట్టుకున్నవాడిలా గ్లాసులు కడుక్కున్నాడు.

రెండోది మొదలుపెట్టాం. పలకను దిమ్మెకు బిగించాం. అతను ముసుగు వేసుకుని అతకడానికి కూర్చుంటే నేను పక్కన నిలబడి చూశాను. చాలా ఏళ్ల తర్వాత చూడటం. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి కరుగుతానని ముందుగా చెప్పదు. చూస్తుండగానే జారిపోతుంది. అతను ఒక చోట కాస్త అతికి, ఇంకో మూలకు పోయి, అక్కడ కాస్త అతికి, వేడి ఒకేచోట చేరకుండా తిరిగాడు. అతుకులు ఒకదాని పక్కన ఒకటి, దగ్గరగా కుట్టిన కుట్టులా వచ్చాయి. బాగుందని చెప్పాలనిపించింది. అది కొలత కాదు కాబట్టి చెప్పలేదు.

చల్లారాక పలక ముఖాన్ని మిషన్ మీద సాపు చేయించాం. రంధ్రాలన్నీ మూసి, పంక్చర్ షాపు నీళ్ల తొట్టి అడిగి తెచ్చి, డబ్బాను ముంచి కంప్రెసర్ గాలి పెట్టాం. ఒక మూల నుంచి చిన్న బుడగ ఒకటి లేచింది. కాసేపటికి ఇంకొకటి. ఇద్దరం ఒకేసారి ఆ చోటు మీద వేలు పెట్టాం. మళ్లీ ఆరబెట్టి, అతికి, ముంచితే ఈసారి నీళ్లు కదలలేదు. తొట్టిలో మా ఇద్దరి మొహాలూ పక్కపక్కనే కనిపించాయి. ఇద్దరికీ జుట్టు బాగా నెరిసింది.

బండికి బిగించి ఊరి చుట్టూ తిప్పాం. ఇంజన్ నెమ్మదిగా, పట్టుగా నడిచింది. బ్రేకు కూడా తేలిగ్గా పడింది. అయితే ఖాళీ బండి ఎప్పుడూ మంచిగానే నడుస్తుంది. నిండు మనుషులతో, ఏసీతో, ఎండలో, ఎత్తు మీద నడిస్తేనే నమ్మకం. తెల్లారితే వాళ్లు సంగారెడ్డి పోవాలి. పరీక్షకు వేరే రోజు లేదు. డ్రైవరక్క అదే పరీక్ష అన్నది.

మేం వెంట ఉండాలనుకున్నాం. కారులో ఇద్దరికి చోటు లేదు, ఒకరే పోతే ఇంకొకరు ఊరుకోరు. సరే, నా మోటార్‌సైకిల్ తీశాను. పానాల సంచి వెల్డర్ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. కొలతలు తప్ప ఏమీ మాట్లాడుకోని ఇద్దరు పెద్దమనుషులు ఒకే బండి మీద పోతుంటే డిపో ముందర కండక్టర్లు కూడా మాట్లాడటం ఆపి చూశారు.

కారు ముందు, మేం వెనక. పెద్ద రోడ్డు ఎక్కేదాకా ఆమె మా కోసం నెమ్మదిగా నడిపింది. మొదటి ఎత్తు వచ్చింది. ఎప్పుడూ అక్కడే ఉస్సుమనేదట. నేను ఊపిరి బిగబట్టాను. నా వీపు మీద వెల్డర్ కూడా బిగబట్టాడని తెలిసింది. కారు ఆ ఎత్తును చదును అనుకున్నట్టు ఎక్కేసింది. మేం పైకి చేరేసరికి అది ఇంకో ఎత్తు దగ్గర ఉంది. నేను యాక్సిలరేటర్ తిప్పాను. ఇంకా తిప్పాను. నా బండి ఒక అరుపు అరిచింది, చైన్ తెగి రోడ్డు మీద పడింది. కారు చిన్నదై, చుక్కై, కనిపించకుండా పోయింది.

ఫోన్ చేస్తే ఆమె తీసి, దవాఖానకు టైముకు చేరేలా ఉన్నామని, ఆగితే ఆలస్యమవుతుందని, మా దారి మమ్మల్ని చూసుకొమ్మని పెట్టేసింది. అంతకన్నా మంచి వార్త మాకు ఏముంది? బండిని తోసుకుపోయి ఒక రైతు బోరు షెడ్డు దగ్గర పెట్టి, బస్సు ఆగే చోట సిమెంటు అరుగు మీద కూర్చున్నాం. అటు జొన్న, ఇటు కంది. మధ్యలో మేం.

వెల్డర్ పానాల సంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. కొలతలు అయిపోయాయి. ఇక అడగడానికి ఏ మందమూ మిగల్లేదు. నేనే అన్నాను, ఆ రోజు పెట్రోల్‌లో నీళ్లున్నాయని, నా పనిలో లోపం లేదని. ఇన్నేళ్లుగా మనసులో సిద్ధంగా పెట్టుకున్న మాట కాబట్టి గబగబా వచ్చేసింది.

"నాకెర్క," అన్నాడు అతను. "గా పెట్రోల్ సంగతి మర్నాడే ఎర్కైంది."

"మరి నాతోని మాట్లాడుడు ఎందుకు బంద్ జేసినవ్?"

"నువ్వు తినకుంట పోయినవ్ గదా. బండి ఆగితె ఆగింది. పిల్ల ఆటోలకెల్లి దిగి మస్తు నవ్వుకుంట వచ్చింది, ఇప్పటికి గూడ గదే చెప్పి నవ్వుతది. నీకోసమని పక్కకు పెట్టిన ఇస్తారాకు రాత్రి దాక గట్లనే ఉన్నది. నా కొడుకు పెండ్లిల నువ్వు తినలేదు."

నేను ఆ చూపును ఇన్నేళ్లూ కోపం అనుకున్నాను. లోపలికి రమ్మని పిలిచిన చూపట అది.

 అతను సంచిలో పానాల కింద నుంచి టిఫిన్ తీశాడు. జొన్న రొట్టెలు, పప్పు, ఉల్లిగడ్డ. రొట్టె మధ్యకు విరిచి నా ముందు పెట్టాడు. గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఇద్దరం తిన్నాం. అప్పుడు వచ్చాయి మాటలు. కోడలు ఎలాంటిది, మనవరాలు ఏం చదువుతోంది, నా మోకాళ్లు ఎప్పటి నుంచి, అతని కంటికి ఆపరేషన్ ఎప్పుడు. మొదటి డబ్బా అతుకు గాడిద కాలులా ఉందని నేను ఈసారి చాయ్ అతని సాయం లేకుండానే చెప్పాను. అతను పగలబడి నవ్వాడు. ఖేడ్ బస్సు వచ్చి మా ముందు ఆగింది. కండక్టర్ తలుపు కొట్టి పిలిచాడు. లేవలేదు. తర్వాత ఇంకో బస్సు కూడా వచ్చి పోయింది. మాకు మాట మధ్యలో ఉంది.

పొద్దు వాలుతుండగా కారే వచ్చి ఆగింది. డ్రైవరక్క అద్దం దించి, పొద్దటి నుంచి ఇక్కడే ఉన్నారా అని అడిగి, జవాబు వినకుండా ఎక్కమన్నది. లోపల ముగ్గురూ అలసిపోయి వాలి ఉన్నారు. మేం బస్సులో వస్తామన్నాం. ముందు సీటులో ఆమె అత్త కళ్లు తెరవకుండానే ఎక్కండి అన్నట్టు చెయ్యి ఊపింది. బట్టలు కుట్టే ఆవిడ సీటు మధ్యకు ఒదిగి, తనకెంత జాగా కావాలని నవ్వింది. నేను ఇంకా అక్కడే నిలబడితే ముసలి రైతు అన్నాడు, "బస్సు బ్యాడ, ఇండ్లనే కూసోండ్రి. మా అక్క బండికి ఇయ్యాల బలం వచ్చింది."

అలా ఆరుగురం అయ్యాం. మేం ఇద్దరం లావు మనుషులం, పైగా పానాల సంచి. ఎంత పరీక్ష పెట్టినా అంత బరువు పెట్టాలని మాకు తోచి ఉండేది కాదు. వెనక సీటులో ఆ చివర వెల్డర్, అతని పక్కన కుట్టు పనావిడ, ఆమెకు ఇటు ముసలాయన, ఈ చివర నేను. బండి కదిలింది. ఎత్తు మొదలయ్యేసరికి నేను ముందుకు వంగి చెవులు రిక్కించాను. గాలి ఎక్కడైనా కారుతుంటే ఇప్పుడు తెలిసిపోతుంది.

అప్పుడే ముసలాయన తల నా భుజం మీదకు వాలింది. నిద్రపోయాడు. కళ్లు తిరిగి పడిపోయిన మనిషి, పొద్దంతా మిషన్‌కు కట్టుబడి ఉన్న మనిషి, నోరు తెరిచి, గురక పెట్టి మరీ నిద్రపోయాడు. నేను కదలకుండా వెనక్కి ఆనుకున్నాను. ఎత్తు ఎప్పుడు ఎక్కామో, ఎప్పుడు దిగామో తెలియలేదు. నాకు గురక తప్ప ఏదీ వినపడలేదు.

అవతలి చివర వెల్డర్ మాత్రం మొత్తం విన్నట్టున్నాడు. మొహం వెలిగిపోతూ నా వైపు వంగి, ఇంజన్ గురించి ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఇన్నేళ్ల తర్వాత మా ఇద్దరి పని గురించి తనంతట తానుగా నాతో చెప్పబోతున్న మాట. నేను ముసలాయన తల చూపించి, వేలు పెదాల మీద పెట్టి, ఊరుకోమన్నాను.